దిడ్డి గడప మీది రాయి

ఇర్వింగ్‌లో హైవే పక్కన కొత్తగా తెరిచిన ఫంక్షన్ హాల్ ముందు ఒక ఇత్తడి పలక బిగించారు. దాని మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలున్నాయి. నాలుగూ అబద్ధాలే. ఇది పన్నెండో శతాబ్దపు రాజద్వారమట. రాజులూ కవులూ దీని కింద నడిచారట. పక్కనున్న చిన్న వాకిలిని, అతిథులు వినయంగా తల వంచి లోపలికి రావాలని మన పెద్దలు కట్టించారట. ఈ సంప్రదాయాన్ని అమెరికాలో పుట్టిన మన పిల్లలకు అందించడం యాజమాన్యానికి గర్వకారణమట.

పక్కింటివాళ్ల బాబు అన్నప్రాశనకు మా అమ్మాయి నన్ను అక్కడికి తీసుకెళ్లింది. పార్కింగ్ లాట్‌లో కారు దిగి తలెత్తి చూశాను. నల్లరాతి స్తంభాలు, ఇనుప మేకుల పెద్ద తలుపులు, పైన ఇటుక కమాను, పక్క గోడలో మనిషి ఛాతీ వరకే వచ్చే చిన్న దిడ్డి వాకిలి. కారు తలుపు పట్టుకున్నాను.

మా ఊరి గడి వాకిలి అది. రాయి రాయి ఊడదీసి, ఓడలో తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. చుట్టూ రెండు నిలువుల గోడ, మూలమూలకూ బురుజు, మధ్యలో భవంతి, వీటన్నిటికీ ముందు ఈ ద్వారం. ఊరి పేరు పలక మీద లేదు. నేనూ రాయను. రాస్తే మిగిలిన రాళ్ల కోసం ఇంకో కంటైనర్ వెళ్తుంది.

పెద్ద తలుపులు మూసి ఉన్నాయి. జనమంతా దిడ్డి ముందు వరసలో నిలబడి, ఒక్కొక్కరే తల వంచి, కాలెత్తి, ఆ పొట్టి కంతలోంచి లోపలికి దూరుతున్నారు. దూరుతూ ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకాయన తల లింటెల్‌కు తగిలి అందరూ నవ్వారు.

"బాపూ, లైన్ కదుల్తుంది, రా," అంది మా అమ్మాయి.

"పెద్ద తలుపు తెరవమను."

"అది పెళ్లికూతురు, పెళ్లికొడుకు కోసం మాత్రమేనంట. మోకాళ్ల ప్రాబ్లమ్ అయితే సైడ్‌లో గ్లాస్ డోర్ ఉంది, వీల్‌చెయిర్ వాళ్లది. అటు నుంచి పోదాం."

"వీల్‌చెయిర్ వాళ్లకున్న మర్యాద మిగతావాళ్లకు ఎందుకు లేదో అడుగు."

"సీన్ చేయకు బాపూ, ప్లీజ్. ఇక్కడ సగం మంది మా ఆఫీస్ వాళ్లే."

ఆ వాకిట్లో నేను వంగను. ఎందుకు వంగనో మా అమ్మాయికి కూడా ఎన్నడూ చెప్పలేదు.

బడిలో నేను చదివింది మూడో తరగతి. మిగతా చదువంతా గోడల దగ్గర, తాపీ పట్టుకుని. ఈ వయసులో ఇర్వింగ్ లైబ్రరీలో. అక్కడ ఇంగ్లాండు దేశపు పాత మేనర్ హౌస్‌ల మీద, వాటి గేట్‌హౌస్‌ల మీద లావుపాటి పుస్తకాలున్నాయి. డిక్షనరీ పక్కన పెట్టుకుని అన్నీ చదివాను. అక్కడా మా గడి కథే. మొదట శత్రువును ఆపడానికి వాకిలి కడతారు. శత్రువు లేకుండా పోయాక కందకం పూడుస్తారు, బాణాలు వేసే సందులకు అద్దాలు పెడతారు, వాకిలి మీద గదులు లేపుతారు. వాకిలి మాత్రం తీసెయ్యరు. శత్రువు పోయినా ఊరివాళ్లు ఉంటారు కదా, వాళ్లను నిలబెట్టడానికి పనికొస్తుంది. ప్రతి పుస్తకంలోనూ ఫలానా ప్రభువు కట్టించాడు, ఫలానా ప్రభువు పెంచాడు అని ఉంటుంది. సున్నం కలిపినవాడి పేరు ఒక్క పేజీలో దొరకలేదు. లైబ్రరీలో కూర్చునే అమ్మాయితో ఈ మాట అంటే "ఇంట్రెస్టింగ్" అంది. ఈ దేశంలో మన మాట ఇక చాలు అనడానికి ఆ ముక్క వాడతారు.

మా తాత అలాంటి పుస్తకం ఏదీ చూడలేదు. సున్నపు పని చేసే మేస్త్రీ. కానీ గోడను వేలు పెట్టి చదివేవాడు.

"కింద మూడు వరసలు జూడు బిడ్డా. సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి. బరువే దానికి అంటు. ఎవడో పాతకాలపు సామంతుడు కట్టిచ్చిండు, వాని పేరు గూడ ఎవనికి యాది లేదు. దాని మీద ఇటుక కమాను, నవాబుల తీరుది. మొన జూడు, మామిడాకు లెక్క. ఆ పైన నగారా అర్ర, ఇప్పటి దొర తాత కట్టిచ్చిండు. దాని సున్నం మా అయ్య చేతిది."

నా చిన్నప్పుడు ఒక ఏడాది వానలకు ఆ నగారా అర్ర, అంటే వాకిలి మీద నగారా మోగించే గది, ఒక పక్కకు జారింది. వానలు వెనకబట్టాక తాతను గడికి పిలిచారు. కూలి మాట లేదు, వెట్టి. మధ్యాహ్నం గడి వంటింటి నుంచి ఇంత జొన్న గటక, ఇంత పచ్చిపులుసు. ఎప్పటి గటకో తెలియదు, వేలు పెడితే తెట్టు కట్టి ఉండేది.

అయినా ఆ కాలం తలచుకుంటే ముందు వచ్చేవి వాసనలు. కాల్చిన సున్నపురాళ్లు గుంతలో వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికేవి. ఆవిరికి ముక్కుదూలం మండేది. దున్నపోతు గానుగ చుట్టూ తిరుగుతుంటే రాతి చక్రం కింద సున్నమూ ఇసుకా నలిగి వెన్నలా అయ్యేవి. ఒక కుండలో దంచిన కరక్కాయలు నానేవి, నీళ్లు వగరు కంపు కొట్టేవి. ఇంకో కుండలో బెల్లం. ఆ రెండు నీళ్లూ కలిపితేనే సున్నం రాయిని పట్టుకుంటుంది, పట్టుకున్నాక వందేళ్లయినా వదలదు. తాత నాకు నేర్పిన మొదటి పాఠం అదే. రెండు కుండలకూ కాపలా నన్నే పెట్టాడు.

కాపలా ఎలా కాశానో చెప్పాలా? పొద్దున ఒక వేలు, మధ్యాహ్నం రెండు వేళ్లు, పొద్దుగూకేసరికి దోసిలి. తగ్గినంత మేరకు నీళ్లు పోసి నింపేవాణ్ని. గడ్డకట్టిన ముక్కలు మొలతాడుకు గుడ్డలో కట్టుకుని దాచేవాణ్ని. చీమలు కుట్టి మొలంతా దద్దుర్లు. అవ్వ చూసి "ఏం పురుగు కుట్టిందిరా?" అంటే "గడిల నల్లులున్నయి" అని చెప్పాను.

తాత పట్టుకోలేడని నా ధైర్యం. ఆయన కళ్లు ఏళ్ల తరబడి సున్నం ఎగిరి పడి మసకబారాయి. ముక్కు సంగతి చెప్పనక్కర్లేదు, లేస్తే నశ్యం, కూర్చుంటే నశ్యం. "నీ ముక్కు ముందల మిరపకాయలు మాడ్చినా నీకు ఎర్కగాదు," అని అవ్వ తిట్టేది. "అందుకే గదనే నీ కూర తింటున్న," అనేవాడు.

తాత ఆరడుగుల మనిషి. పరంజా మీంచి పడ్డాక నడుము కట్టెలా బిగుసుకుపోయింది, వంగేది కాదు. ఊరివాళ్లెవరూ పెద్ద తలుపులోంచి పోకూడదు, చెప్పులు చంకలో పెట్టుకుని దిడ్డిలోంచి వంగి పోవాలి. అది గడి మర్యాద. తాత వంగలేడు కాబట్టి మోకాళ్లు మడిచి, గొంతుక్కూర్చున్నట్టు దిగి, వీపు నిటారుగా పెట్టుకుని బాతులా నడిచి దాటేవాడు.

"మేస్త్రీ బాతు ఒచ్చింది!" అనేవాడు వాకిట్లో కావలుండే జవాను.

"బాతైతేనేంరా, తల వంచిన్నా?" అనేవాడు తాత.

నిజమే. ఊళ్లో తల వంచకుండా ఆ దిడ్డి దాటినవాడు మా తాతొక్కడే. దాని మీద ఆయనకు లోపల ఎంత పొగరుండేదో ఇప్పుడు తెలుస్తోంది. ఆ మనిషి దగ్గర ఇంకేం ఉంది?

ఒకరోజు కొత్తగా వచ్చిన పంతులు గడికి వచ్చాడు. ఊళ్లో బడి పెట్టుకోవడానికి దొర సెలవు కావాలి. పంతులు మరీ పొట్టివాడు. సంచి భుజాన వేసుకుని, ఏదో ఆలోచించుకుంటూ, దిడ్డిలోంచి నిటారుగా నడిచి వచ్చేశాడు. వంగాలని ఆయనకు తోచలేదు, వంగాల్సిన పనీ పడలేదు. లోపల అరుగు మీద కూర్చున్న దొర చూశాడు.

"పంతులూ, మా దిడ్డి నీకు పెద్దగైంది," అన్నాడు. అందరూ నవ్వారు.

"నాకు సరిపోయింది దొరా," అన్నాడు పంతులు, అమాయకంగానే.

ఆయన పోయాక దొర నవ్వలేదు. పైన పరంజా మీదున్న తాతను దిగి రమ్మన్నాడు.

"మేస్త్రీ, దిడ్డి గడప మీద జానెడు మందం రాయి ఎయ్యి. రేపు పొద్దుగూకేలోపల."

"బాంచెను దొర, అది ఇంకా జానెడు తక్కువైతే ముసలోళ్లు, నిండు చూలాలు ఎట్ల దాటుతరు?"

"కూచోని దాటుతరు," అన్నాడు దొర.

మర్నాడు తాత గానుగ దగ్గరకు పోలేదు. ఒక బండ మీద ఇంత సున్నం, ఇంత ఇసుక వేసుకుని ఉత్త నీళ్లతో తానే కలిపాడు. కుండల వైపు చూడనైనా లేదు. బెల్లం అంతా నేను తినేశానని తెలిసిపోయింది, నా పేరు బయట పెట్టలేక ఉత్త సున్నంతో కానిస్తున్నాడు అనుకున్నాను. రాయి ఊడితే దెబ్బలు తాతకు. ఆ ఆలోచనకు నాకు ఏడుపొచ్చింది.

"మేస్త్రీ! రాయి ఎత్తాలె, జల్ది రా!" అని జవాను కేకేశాడు. తాత లేచి పోయాడు.

నేను పరుగెత్తి కుండ అడుగున మిగిలిన బెల్లం పాకమంతా ఆ సున్నంలో వంపాను. కరక్కాయ నీళ్లు పోశాను. మొలతాడు గుడ్డ విప్పి, దాచుకున్న ముక్కలన్నీ రాతితో నలిపి అందులో వేశాను. ఒక్క ముక్క కూడా ఉంచుకోలేదు. తాత నేర్పినట్టే మడమలతో తొక్కి తొక్కి కలిపాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

తాత తిరిగి వచ్చి తాపీతో ఒకసారి తిప్పి, ఆగాడు. "ఇసుక మంచిగున్నది," అన్నాడు. పాత గడప మీద సున్నం పరిచి, నలుగురి సాయంతో రాయి దించి, సందులు పూడ్చాడు. తడి గోనెలు కప్పి నాలుగు రోజులు ఆరనిచ్చారు.

అయిదో రోజు జనం దాటడం మొదలైంది. తాత వంతు వచ్చింది. మోకాళ్లు మడిచాడు. బాతు నడక ఇక కుదరదు, రాయి అడ్డం. తర్వాత రాయి మీద కూర్చున్నాడు. రెండు చేతులతో కుడికాలు ఎత్తి లోపల వేసుకున్నాడు, తర్వాత ఎడమకాలు, ఏదో మూట సర్దుతున్నట్టు. తల పక్కకు వాల్చి, దేకుతూ లోపలికి జారాడు.

"బాతు గుడ్డు పెట్టింది!" అని జవాను చప్పట్లు కొట్టాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానంటే పొట్ట పట్టుకుని, అందరికంటె గట్టిగా. తాత నా నవ్వు గుర్తుపట్టి ఇటు తిరిగాడు. మసక కళ్లు కదా, నేను ఎక్కడున్నానో దొరకలేదు.

ఆ సాయంత్రం అవ్వ గటక వడ్డిస్తూ ఊరుకోలేదు. "నీ చేతులతోని నువ్వే కట్టుకుంటివి గదయ్యా. ఇగ రోజూ పసిపోరగాని లెక్క దేకు."

"ఊకోవే. రెండు వానలు," అన్నాడు తాత. గొంతు తగ్గించి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. "బెల్లం ఎయ్యలే. కరక్కాయ నీళ్లు ఎయ్యలే. ఉత్త సున్నం. మూడో వానకు రాయి దానంతటదే జారి పడ్తది. మళ్ల ఎయ్యమంటే మళ్ల గట్లనే ఏస్త. ఎన్నిసార్లు ఏపిస్తడో ఏపియ్యని."

నేను తల వంచుకుని ఇంకో ముద్ద కలిపాను.

మొదటి వానాకాలం వచ్చింది. తాత చేతికర్రతో రాయిని తట్టి చూశాడు. రెండో వానాకాలమూ పోయింది. మూడో ఏడు వారం వారం తట్టాడు. రాయి కంచులా మోగేది. నిండు నెలల మా చిన్నత్త గడి వడ్లు దంచడానికి పోతూ దాని మీదే కూర్చుని, పొట్ట పట్టుకుని దాటేది. పొట్టి పంతులు కూడా వంగాడు. సెలవు దొరికింది, బడి పెట్టాడు, నాకు అక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

"చెడగొట్టుడు గూడ రాకపాయె నాకు," అనేవాడు తాత, తన చేతులు తిప్పి చూసుకుంటూ. "ఉత్త సున్నం గిట్ల పట్టుడేందిరా? నా చెయ్యి నా మాట ఇనలే."

కొన్నేళ్లకు దొర పట్నం పోయాడు. పెద్ద తలుపులు బార్లా తెరిచి ఉండేవి, వాటిలోంచి మేకలు కూడా పోయేవి. దిడ్డితో ఎవరికీ పని లేదు. అయినా తాత ప్రతి వానాకాలం పోయి ఆ రాయిని తట్టి వచ్చేవాడు. చెప్పడానికి నాకు పన్నెండేళ్లు దొరికాయి. చెప్పలేదు. తన చేతుల మీద అనుమానంతోనే ఆయన పోయాడు.

"నమస్తే అంకుల్, ఇక్కడే ఆగిపోయారేంటి?" హాల్ ఓనర్ మా కారు దగ్గరకు వచ్చాడు. జరీ కండువా, నవ్వు ముఖం, మంచివాడే.

"ఇందులో పన్నెండో శతాబ్దానిది ఏది బాబూ?"

"మొత్తం అంకుల్! డీలర్ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు."

"కింద మూడు వరసలు పాతవంటే ఒప్పుకుంటాను. కమాను తర్వాతిది. ఆ గడప మీది రాయి నేను పుట్టిన తర్వాతిది. మా తాత వేశాడు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "వావ్, నిజంగానా? ఆ రాయి గురించి మీకు చెప్పాలి అంకుల్. అక్కడ డిస్‌మాంటిల్ చేసేటప్పుడు చిన్న వాకిలి ఫ్రేమ్ అంతా లూజ్‌గా ఊడొచ్చేసిందట. ఆ రాయి మాత్రం కదలదే! గ్రైండర్ బ్లేడ్లు రెండు పోయాయట. చివరికి కింది గడపతో కలిపి ఒకే పీస్‌గా కట్ చేశారు. అది అంత గట్టిగా ఉండబట్టే చిన్న వాకిలి కూడా తెచ్చాం, లేకపోతే అక్కడే వదిలేసేవాళ్లం. అసలు ఏం కలిపారండి అందులో?"

ఆ రాయి వైపు చూశాను.

"బెల్లం," అన్నాను.

తర్వాత మిగతాది కూడా చెప్పాను. వెట్టి గురించి, చంకలో చెప్పుల గురించి, దొర జానెడు ఎందుకు పెంచమన్నాడో దాని గురించి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కదలకుండా వింది. ఓనర్ కూడా విన్నాడు, తల ఊపుతూ, అటూ ఇటూ చూస్తూ.

"అంకుల్, మీ ఫీలింగ్స్ నేను రెస్పెక్ట్ చేస్తాను. కానీ ఇది ఫంక్షన్ హాల్ కదండీ, జనం హ్యాపీగా వస్తారు. దొర పార్ట్ కొంచెం నెగెటివ్‌గా ఉంటుంది. బెల్లం మ్యాటర్ మాత్రం సూపర్! బోర్డు మీద యాడ్ చేయిస్తాను. ఒక చిన్న వీడియో బైట్ ఇస్తారా?"

వరసలోని వాళ్లను తప్పుకోమని, దిడ్డి దగ్గరకు పోయాను.

"బాపూ, వద్దు," అంది మా అమ్మాయి.

వంగలేదు. రాయి మీద కూర్చున్నాను. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, రాయికీ పాత గడపకూ మధ్య సందులో పెట్టి గీకాను. గట్టిగా గీకాను. రవ్వంత రాలలేదు. తాళంచెవి పళ్లు అరిగాయి.

వెనకాల ఎవరో "అంకుల్, లైన్ ఆగింది" అన్నారు. లేవబోతే మోకాళ్లు లేవలేదు. వెనక్కి తిరుగుదామంటే వెనకాల జనం. రెండు చేతులతో కుడికాలు ఎత్తి లోపల వేసుకున్నాను. తర్వాత ఎడమకాలు. తల పక్కకు వాల్చాను. లోపల నిలబడ్డ పట్టులంగా పాప కిలకిలా నవ్వింది. వాళ్లమ్మ కంగారుగా "సారీ అంకుల్" అంటూ దాని నోరు మూయబోయింది.

"నవ్వనీ అమ్మా," అన్నాను.

పలక మార్చారని మా అమ్మాయి నిన్న ఫోన్‌లో ఫోటో చూపించింది. పాత నాలుగు వాక్యాలూ ఒక్క అక్షరం తగ్గకుండా అలాగే ఉన్నాయి. కింద అయిదోది చేర్చారు. ఈ గడప రాయి ఎన్నటికీ ఊడకుండా ఉండాలని దీన్ని వేసినవాళ్లు సున్నంలో బెల్లం కలిపారట.

దీన్ని మాత్రం అబద్ధమనడానికి నాకు నోరు లేదు. కలిపింది నేనే.